మీటరు మీద ఊపిరి

కల్లూరు కొత్త ఇండ్ల లైనులో, గోపన్న వెల్డింగు షెడ్డుకు ఆనుకోని ఓబులేషు అంగడి ఉంటాది. దాన్ని అంగడి అనేకి కూడా నోరు రాదు, అంత ఇరుకు. లోపల ఇద్దరు కూచుంటే మూడో మనిషి బయట ఎండలో నిలబడాల్సిందే. అయినా ఓబులేషు నోటికి మాత్రం అడ్డూ ఆపూ ఉండదు. ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎక్కడం లేదని ఎవరన్నా ఏడుపు మొగంతో వస్తే చాలు, "చచ్చిన మనిషిని లేపేది మా అహోబిలం సామికే తెల్సు గానీ, చచ్చిన బోర్డును లేపేది నాకు తెల్సప్పా" అంటాడు. అనేసి, ఎక్కువ మాట్లాడితినేమో అని గబగబా లెంపలేసుకుంటాడు. సామి కూడా ఈ మనిషి కత ఎరిగి నవ్వుకోని ఊరుకుంటాడని మనం అనుకోవాల.

ఈ ఊరి జనాలకు రిపేరోళ్ల మీద ఒక అనుమానం ఉండాది. మంచి సామాను పీక్కోని, చెడిపోయింది అతికిచ్చి పంపిస్తారని. అనుమానం ఊరికే రాలేదులే, అట్లాంటి చేతివాటం ఉండేటోళ్లు ఉండారు. అందుకే ఓబులేషు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బోర్డు విప్పినాడంటే దాని సొంతదారు ఎదురుగా ఉండాల్సిందే. బోర్డుకు కరెంటు ఇచ్చే పెట్టె ఒకటి ఉంటాది, బోర్డు ఎంత కరెంటు తాగుతాందో దాని మీద ఎర్ర అంకెల్లో కనపడతాంటాది. ఆ మీటరుకు ఎదురుగా స్టూలు వేసి గిరాకీని కూచోబెట్టి, "కండ్లారా చూస్కో, మల్ల నన్ను అనగాకు" అంటాడు. ఆ పద్ధతే ఈసారి ఓబులేషు కొంప ముంచింది.

మే నెలలో ఒక సోమవారం, ఎండ అప్పటికే నెత్తి మాడుస్తాంటే, బేతంచెర్ల పక్క పల్లె నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చినారు. తల్లి రాహేలమ్మ, తెల్లచీర కట్టుకున్న బక్క మనిషి. కూతురు ప్రేమజ్యోతి, డిగ్రీ అయిపోయి బేతంచెర్లలో ఒక చిన్న బడిలో చదువు చెప్తాంటాది. సంచిలో నుంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది.

"చార్జింగ్ ఎక్కడం లేదన్నా. ఆన్ కూడా కాదు. లైటు మాత్రం మినుకు మినుకుమంటాది" అనింది ప్రేమజ్యోతి.

"దీని కతేందో చూస్తాం గానీ, లోపల ఏమన్నా ముఖ్యమైంది ఉండాదా పాపా?"

ఆ పిల్ల చెప్పేలోపల తల్లే అందుకునింది. "పాప నాయన పాట ఉండాదప్పా."

కత ఇదీ. రాహేలమ్మ మొగుడు ఏసేపు బండలు పాలిష్ పట్టే పనిలో శానా ఏండ్లు చేసినాడు. ఆ దుమ్ము రొమ్ములో పేరుకోని, రానురాను ఊపిరాడక, పోయినేడు ఇదే నెలలో కన్ను మూసినాడు. ఒళ్లు బాగున్నెప్పుడు చర్చి సంఘంలో పాటలు ఎత్తుకునేది ఆయనే. ప్రేమజ్యోతి కాలేజీలో చేరినప్పుడు కొన్న ఈ ల్యాప్‌టాప్‌లో, ఒక పొద్దు వసారాలో కూచోబెట్టి నాయన పాట రికార్డు చేసుకునింది. ఇంట్లో అప్పుడు ఉన్నెది మీటల ఫోనే. ఆ పాట ఇంగ యాడా లేదు. వచ్చే ఆదివారం ఏసేపు జ్ఞాపకార్థ కూడిక. పాట అక్కడ వినిపియ్యాలని తల్లీ కూతుర్ల ఆశ.

"మొగం గుర్తుండాదప్పా, ఫోటో ఉండాది కాబట్టి" అనింది రాహేలమ్మ. "గొంతే మరుపుకొస్తాంది. అంట్లు తోముకుంటా ఆ గొంతు తలుచుకుందామని చూస్తా. రాదు. ఇంగెవురి గొంతో వస్తాది. నాకు భయమైతాంది."

ఓబులేషు ల్యాప్‌టాప్ తిరగేసినాడు. మోడల్ నంబరు చూసినాడు. ఆ రకం ల్యాప్‌టాప్‌లో పాటలు, ఫోటోలు దాచే చిప్పును బోర్డుకే అతికిచ్చింటారు. ఊడదీసి ఇంగోదాంట్లో పెట్టుకునేకి కాదు. బోర్డు బతికితేనే పాట బతుకుతాది. ఆ మాటే చెప్పినాడు. ఆ పొద్దు లైన్లు మారుస్తాండారని సాయంత్రం దాకా కరెంటు లేదు. "పెట్టి పొండి. బుధవారం రాండి, మీ ముందరే విప్పుతా" అని పంపించినాడు.

మంగళవారం పొద్దున కరెంటు ఉండాది, ఓబులేషు చేతులు ఊరుకోలేదు. ఆదివారం మీదికొస్తాంది, ముందే జబ్బు కనుక్కోని పెడితే సగం పని అయిపోతాది కదా అని, తన పద్ధతి తానే తప్పి ఒక్కడే విప్పినాడు. కింది మూత తీస్తానే తెల్లటి పొడి. మామూలు ఇంటి దుమ్ము కాదు, వేలికి నున్నగా తగిలే బండల పొడి. ఆ పక్క నుంచి వచ్చే సామాన్లకు ఇది మామూలే. బ్రష్షుతో, మందుతో బోర్డంతా కడిగి, ఆరబెట్టి, కరెంటు పెట్టెకు తగిలిచ్చినాడు.

చార్జింగ్ చెడిన బోర్డులు శానావరకు రెండు రకాలు. ఒకటి కరెంటును అసలు ముట్టుకోదు. ఇంగొకటి ముట్టుకుంటాది, ఏదో తేడా కనపడుతానే వదిలేస్తాది, మల్ల ముట్టుకుంటాది. గడియారం కొట్టుకున్నట్టు ఒకే తాళంలో అట్లనే పోతాంటాది. అంకెలు లేస్తా పడతా ఉంటే, ఓహో ఇది రెండో రకమే అనుకున్నాడు ఓబులేషు. సగం టీ తాగేదాకా అట్లనే అనుకున్నాడు.

కానీ దానికి తాళం లేదు. అంకె కొంచెం లేచి పడింది. మల్ల కొంచెం లేచి పడింది. తర్వాత ఆగింది. ఇంగ రాదేమో అనిపించేంత సేపు ఆగింది. అప్పుడు మెల్లగా, బరువు ఎత్తుతాన్నట్టు, పైకి పైకి లేచి, అక్కడ కాసేపు వణికి, దిగింది. రెండు పొట్టివి, ఒక ఎడం, ఒక పొడుగుది. మల్ల రెండు పొట్టివి. బోర్డులో కరెంటును అదుపు చేసే తీగచుట్ట ఉంటాది, అది ఒక్కోసారి సన్నగా కూస్తాది, అందులో వింతేమీ లేదు. ఇది కూయలేదు. ఉస్... ఉస్... అని, ఆగి, ఉస్స్స్ అనింది.

"నీ యబ్బ, ఇదేం రోగమే నీకు!" అన్నాడు ఓబులేషు, బోర్డుతో మాట్లాడే అలవాటు ఉండాది కాబట్టి.

పెట్టె నుంచి వచ్చే తీగ మార్చి చూసినాడు. అదే. పక్కనున్న చిన్న చిన్న భాగాలు ఒక్కోటి కొలిచినాడు. అన్నీ బాగుండాయి. వేలికొస పెట్టి చూస్తే, చార్జింగ్ చిప్పు కాలుతాంది. చిటికెన వేలి గోరులో సగముంటాది అది. బయట నుంచి వచ్చే కరెంటు బోర్డులోకి పోయేకి అదొక్కటే గడప. దొంగ దొరికినాడు. అదే చిప్పు పాత బోర్డొకదాని మీద మంచిది ఉండాది. తీసి మారిస్తే సరి. కానీ సొంతదారు ఎదురుగా లేకుండా చిప్పు పీకేది ఈ మనిషి పుట్టి బుద్ధెరిగినాక చెయ్యలేదు. సరే, రేపు చూద్దాంలే అని పెట్టె స్విచ్చు ఆపినాడు. ఎర్ర అంకెలు ఆరిపోయినాయి.

ఉస్... ఉస్...

ఓబులేషు చెయ్యి స్విచ్చు మీదనే ఉండిపోయింది. పెట్టె ఆగిపోయింది. బ్యాటరీ విడిగా బల్ల చివరన పడి ఉండాది. బోర్డుకు యాడ నుంచీ కరెంటు లేదు. అయినా కొంచెం ఆగి, ఉస్స్స్ అనింది. పక్క షెడ్డులో గోపన్న ఇనుము కోయడం మొదలుపెడితే ఆ గోలలో ఏమీ వినపడలేదు. గోల ఆగినాక చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. "మిగిలిపోయిన కరెంటులే" అని తనకు తానే చెప్పుకున్నాడు. మిగిలిన కరెంటు రెప్పపాటులో ఇంకిపోతాదని తనకు తెల్సు. తెల్సినా అదే చెప్పుకున్నాడు.

మధ్యాన్నం ఇంటికి పోయి జొన్నరొట్టె తిని కాసేపు ఒరిగినాడు. పెండ్లాము శిల్ప భుజం పట్టుకోని కుదిపితే లేచినాడు. ఆమె మొగం తెల్లబోయి ఉండాది.

"ఏమయ్యా, ఊపిరి అట్ల పీలుస్తాండావేంది?"

"ఎట్ల పీలుస్తాండా?"

"రెండు చిన్నవి పీలుస్తావు, ఆపేస్తావు. శానాసేపు ఆపేస్తావు. మల్ల గుండెలెగదోస్తా ఒకటి పీలుస్తావు. నేను పక్కనే కూచోని చూస్తాండా ఇందాకట్నుంచి. నీకేమన్నా అయితాందా?"

ఓబులేషు ఆమెకు బోర్డు సంగతి చెప్పనే లేదు. ఇప్పుడూ చెప్పలేదు. నీళ్లు తాగి, బండి ఎక్కి, అంగడికి పోకుండా ఊరంతా తిరిగినాడు.

బుధవారం తల్లీ కూతుర్లు వచ్చినారు. పద్ధతి ప్రకారం రాహేలమ్మను స్టూలు మీద, మీటరుకు ఎదురుగా కూచోబెట్టినాడు. ప్రేమజ్యోతి వాకిట్లో నిలబడింది. ఓబులేషు స్విచ్చు వేసినాడు. పెద్దామె ముందు ఆ అంకెలను ఏదో బస్సు నంబరు చూసినట్టు చూసింది. తర్వాత తల కొంచెం ముందుకు వంచింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకోని లేచి నిలబడింది.

"జ్యోతీ" అనింది. "మీ నాయన."

"అమ్మా, అది కరెంటమ్మా."

"నాకు తెలీదా? ఆరు నెలలు పక్కన కూచోని విన్న్యా. రెండు పొట్టివి పీల్చి ఆగుతాడు చూడు. ఆగుతాడు. పీల్చు, పీల్చు అని నేను రొమ్ము రాస్తా. అప్పుడు ఒకటి లాగుతాడు. చూడే, ఇదో, లాగినాడు!"

ప్రేమజ్యోతి మీటరు చూసింది. ఒక్కసారే చూసి మొగం గోడకు తిప్పుకునింది. ఆ పిల్లకూ తెల్సిపోయిందని ఓబులేషుకు అర్థమాయె. వాకిట్లో నిప్పులు చెరిగే ఎండ, వీపు మీద మాత్రం చల్లటి చెయ్యి పెట్టినట్టు ఉండాది అతనికి.

అయినా చెప్పాల్సింది చెప్పినాడు. ఈ చిప్పు చెడిపోయింది, దీన్ని తీసి మంచిది పెడితే బోర్డు నడుస్తాది, పాట వస్తాది.

"తీస్తే ఇది ఆగిపోతాదా?" అనింది రాహేలమ్మ.

ఎప్పుడూ అయితే, చచ్చింది తీసేసి బతికింది పెడతామమ్మా, అని గలగలా అనేసేటోడు. ఇప్పుడు ఒక్క మాటే వచ్చింది.

"ఆగిపోతాదమ్మా."

"అయితే వద్దు. ఉండనీ."

ఉండనీ అంటే ఎట్ల? ఓబులేషు బతిమాలినాడు, విసుక్కున్నాడు. చిప్పు కాలుతాంది, దాని పక్కనే పాట దాచిన చిప్పు ఉండాది, వేడి దానికి పాకితే పాట కాలిపోతాది అని చెప్పినాడు. ఆమె తల ఊపుతాది, కదలదు. "కాసేపుండనీ అప్పా. ఈ ఒక్క పొద్దు" అంటాది. సాయంత్రం బస్సుకు టైమయితే కూతురు చెయ్యి పట్టి లాక్కోని పోయింది. వాళ్లు సందు మలుపు తిరిగినాక ఓబులేషు స్విచ్చు ఆపి, వెనక్కి చూడకుండా షట్టరు దించినాడు. చెవులు మూసుకున్నాడనే చెప్పాల.

మర్నాడు పొద్దున్నే ఆమె అంగడి ముందర ఉండాది. బొరుగుల ఉగ్గాని పొట్లం తెచ్చింది, ఓబులేషుకు కూడా. ఆమె బతిమాలితే కాదనలేక ఓబులేషు స్విచ్చు వేసినాడు. ఆమె స్టూలు మీద కూచోని, ఆ మీటరుకు ఇంటి సంగతులన్నీ చెప్పింది. మేక ఈనిందని, పాపకు బడిలో జీతం పెంచుతామన్నారని, గోడకు సున్నం వేయించినామని. అరచెయ్యి బల్ల మీద పెట్టింది. పెట్టినాక ఓబులేషు అంకెలు గమనించినాడు. ఎడాలు పొట్టివైనాయి, పొడుగు లాగుడు నిమ్మళంగా వస్తాంది. ఆమెను టీ తాగి రమ్మని పంపించినాడు. ఆమె వాకిలి దాటుతానే అంకెలు ఎగిరెగిరి పడినాయి. ఉస్ ఉస్ ఉస్ అని ఒకదాని మీద ఒకటి. కాలిన వాసన ముక్కుకు తగిలింది. ఆమె వచ్చి కూచుంటే తగ్గిపోయింది. బల్ల చెక్కది. ఆమె చెయ్యి తీగకు గానీ, బోర్డుకు గానీ తగల్లేదు. ఏ లెక్కన చూసినా ఇట్ల జరిగేకి లేదు, జరుగుతాంది.

ఓబులేషుకు భయంతో పాటు కోపం కూడా వచ్చింది. ఇది అంగడా, ఆసుపత్రా? వచ్చిన గిరాకీలు వాకిట్లో నుంచే చూసి, ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడి, మల్ల వస్తామని పోతాండారు. గోపన్న ఒకసారి తొంగి చూసి, "ఏంది ఓబులేషూ, ఎవురికన్నా బాగలేదా?" అన్నాడు. బాగలేదని అంటే ఒక తంటా, బాగుండాదని అంటే ఇంగొక తంటా. ఓబులేషు మాత్రం తన ఊపిరిని తానే కాపలా కాసుకుంటా కూచున్నాడు. కొంచెం ఏమరితే చాలు, బోర్డు చప్పుడుతో కలిసిపోతాంది.

శుక్రవారం చిప్పు వేడి ఇంగొంచెం ఎక్కువాయె. శనివారం పొద్దున స్విచ్చు వేసిన కాసేపటికే, తడి వేలు చిప్పుకు తగిలిస్తే చురుక్కుమనింది. పక్కనున్న పాట చిప్పు మీద వేలు పెట్టినాడు. అదీ కాలుతాంది. ఇంగ ఆగేకి లేదు. రేపే ఆదివారం. స్విచ్చు ఆపేసి తల్లీ కూతుర్లు ఇద్దరినీ పిలిచినాడు.

"అమ్మా, అబద్ధం చెప్పను. ఈ పొద్దు దీన్ని తియ్యకపోతే పాట కాలిపోతాది. ఊపిరీ పోతాది, పాటా పోతాది. తియ్యమని నువ్వు ఒక్క మాట చెప్పు. నీ సామాను ఇది, నువ్వు చెప్పంది నేను ముట్టుకోను."

రాహేలమ్మ చెయ్యి బల్ల మీదనే ఉండాది. పెట్టె ఆగిపోయినా ఆ సన్నటి చప్పుడు ముగ్గురికీ వినపడతానే ఉండాది.

"అప్పుడూ ఇట్లనే పిలిచినారు" అనింది ఆమె. "ఆసుపత్రిలో. ఇంగ లాభం లేదమ్మా, ఇంటికి తీసుకపోతారా అన్నారు. ప్రాణముండంగానే ఇల్లు చేర్చాలని కదా మన పక్కల అందరూ చూసేది. బండిలో ఆక్సిజన్ పెట్టి పంపించినారు. ఇంటి ముందర మంచమేసినారు. సంఘం పెద్దలు పాట ఎత్తుకున్నారు. బండితో వచ్చిన మనిషి నా మొగం చూసి, 'తీసేద్దామా అమ్మా?' అన్నాడు. అంతమంది ఉండారు. ఒక్కరూ నోరు తెరవలేదు. నేనే అన్న్యా, తీసేయప్పా అని. నా నోటితో అన్న్యా. అప్పుడు కూడా మా యప్ప పొడుగుది లాగుతాండె."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఓబులేషుకు అనిపించింది.

"ఒకసారి చెప్పినా నాయనా. ఇంగోసారి నా నోటితో చెప్పియ్యొద్దు. పాట పోతే పోనీ. నేను చెప్పలేను."

ఆమె చెప్పకుండా తీసేస్తే ఓబులేషు ఆమె కండ్ల ముందరే ఒక ప్రాణం తీసినోడవుతాడు. తియ్యకపోతే గొంతు కూడా లేకుండా చేసినోడవుతాడు. చేతిలో పట్టకారు పట్టుకోని, సామీ, సామీ అని లోపల అనుకుంటా నిలబడినాడు. ఇన్నేండ్ల పొగరు ఆ పట్టకారు కొసలో కూడా మిగల్లేదు.

ప్రేమజ్యోతి వాకిట్లో నుంచి లోపలికి వచ్చి, తల్లి ముందర మోకాళ్ల మీద కూచునింది.

"ఆ పొద్దు నేను నీ పక్కనే ఉన్న్యానమ్మా. నిన్ను అడిగినారు, నేను నేల చూస్తా నిలబడినా. నేనేమీ చిన్నపిల్లను కాదు. నాకూ తెల్సు తీసేయాలని. చెప్పేది నువ్వయితే బాగుండు, నేను కాకుంటే చాలు అనుకున్న్యా. అప్పట్నుంచీ నువ్వు ఒక్కదానివే మోస్తాండావు." పిల్ల తల్లి మోకాళ్లు పట్టుకునింది. "ఈసారి నేను చెప్తా. నువ్వు వినకు, చెవులు మూసుకో."

రాహేలమ్మ చెవులు మూసుకోలేదు. కూతురి మొగం చూస్తానే ఉండాది.

ప్రేమజ్యోతి ఓబులేషు పక్కకు తిరిగి, "తీసేయన్నా" అనింది.

ఓబులేషు వాకిట్లోకి పోయి, "గోపన్నా, కాసేపు మిషన్ ఆపప్పా" అన్నాడు. ఎందుకని గోపన్న అడగలేదు. లైనంతా గమ్మునైపోయింది. వేడిగాలి గన్ను తీసుకోని చిప్పు మీద మెల్లగా తిప్పినాడు. ఆ గాలి చప్పుడు కింద కూడా వినపడతానే ఉండాది. ఉస్. ఉస్. ఆగింది. సీసం కరిగి మెరిసింది. పొడుగు లాగుడు మొదలైంది. పట్టకారుతో చిప్పును పట్టి పైకెత్తినాడు.

చప్పుడు సగంలో తెగిపోయింది.

ఓబులేషు చిప్పును రేకు మీద పెట్టినాడు, పెట్టినప్పుడు చప్పుడు కానియ్యలేదు. రాహేలమ్మ బల్ల మీది నుంచి చెయ్యి తీసుకోని, కూతురి తల మీద పెట్టింది. అట్లనే ఒత్తి పెట్టింది, శానాసేపు. ఓబులేషు వాళ్లకు వీపు చేసి, పాత బోర్డు మీది చిప్పు ఊడదీసి, తుడిచి, అతికిచ్చే పనిలో పడినాడు. కండ్లు మసకబారితే మోచేత్తో తుడుచుకున్నాడు. వేడి గాలి తగిలిందని ఎవరన్నా అడిగితే చెప్పుకోవచ్చులే అనుకున్నాడు. ఎవరూ అడగలేదు.

కరెంటు ఇచ్చినాడు. అంకె లేచి, ఒకచోట కుదురుకోని, కదలకుండా నిలబడింది. బ్యాటరీ తగిలిస్తే చార్జింగ్ ఎక్కింది. స్క్రీన్ వెలిగింది. ప్రేమజ్యోతి ముందు ఆ పాటను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిచ్చుకోని, సంచి లోపలి జేబులో పెట్టి జిప్పు వేసుకునింది. తర్వాత తల్లి మొగం చూసింది. రాహేలమ్మ తల ఊపింది. పిల్ల వేలితో నొక్కింది.

మొదట కోళ్ల అరుపు, ఎవరో చెంబు కింద పెట్టిన చప్పుడు, "పాడు నాయనా, రికార్డు అయితాంది" అని కాలేజీలో చేరిన నాటి ప్రేమజ్యోతి నవ్వు. ఆ తర్వాత ఏసేపు ఎత్తుకున్నాడు. ఓబులేషు ఆ పాట ఎన్నడూ విన్నది కాదు, వాళ్ల దేవుడు వేరే, వాళ్ల రాగం వేరే. అయినా ఆ గొంతు లేస్తానే ఇరుకంగడికి చోటు చాలలేదు. పల్లవి చివర ఒక మాట పట్టుకోని సాగదీసినాడు ఏసేపు. సాగదీస్తానే ఉండాడు. ఓబులేషు తనకు తెలీకుండానే ఆ గొంతుతో పాటు ఊపిరి బిగబట్టినాడు. రొమ్ము నొప్పి పుట్టింది, తన వల్ల కాలేదు, వదిలేసినాడు. అక్కడ ఏసేపు ఇంగా పాడతానే ఉండాడు, గొంతు యాడా తెగలేదు.

రాహేలమ్మ ఓబులేషు మోచెయ్యి గట్టిగా పట్టుకునింది. ఇప్పుడు ఏడుస్తాంది ఆమె, ఏడుస్తా నవ్వుతాంది.

"చూసినావా అప్పా" అనింది, "ఎంత పొడుగు ఊపిరో మా యప్పది!"